పొగ ఏ రంగు?

ఈసారి పొగ గురించి రాస్తున్నాను. వంటింటి పొగ కాదు, హోమం పొగ కాదు. కారు వెనక గొట్టంలోంచి వచ్చే పొగ.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నాకు అరవై దాటాయి. చదువంతా సికింద్రాబాద్‌లో ఇంగ్లీష్ మీడియం కాన్వెంట్‌లో, సెకండ్ లాంగ్వేజ్ హిందీ. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, అంతే. అక్షరాలు నేర్చుకున్నది రిటైర్ అయ్యాక, ఇక్కడ గుడిలో, చిన్నపిల్లల తెలుగు క్లాసులో వెనక కూర్చుని. ఉద్యోగం మాత్రం ఇంజిన్లతోనే. విండ్సర్‌లో ఇంజిన్ భాగాలు చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. అంటే ఇంజిన్ గురించి నాకు తెలిసిందంతా ఇంగ్లీషులో తెలుసు. దాన్ని తెలుగులో ఒక మనిషికి చెప్పాల్సిన అవసరం మొన్న ఫిబ్రవరిలో మొదటిసారి వచ్చింది.

ముందు మాటలు చూద్దాం. పొగ అందరికీ తెలుసు. ఆవిరి అంటే నీళ్ళు మరిగితే వచ్చేది, ఇడ్లీ పాత్ర మూత తీస్తే మొహానికి కొట్టేది. పొగ వేరు, ఆవిరి వేరు. చలికాలంలో కారు వెనక కనబడేదాన్ని మనం పొగ అంటాం కానీ చాలాసార్లు అది ఆవిరే. మసి అంటే నల్లగా అంటుకునేది, దీపం చిమ్నీకి పట్టేది. ఇంకో మాట నాకు చాలా ఇష్టం: కమురు. నూనె కాలిన వాసన. గుడిలో దీపం కొండెక్కినప్పుడు, వత్తి ఇంకా ఎర్రగా ఉండగా, సన్నగా ఒక తీగలాగా పొగ లేస్తుంది కదా, ఆ వాసన. (దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. ఇది మా పూజారి గారు నేర్పారు.) మీ ఇంట్లో పెద్దవాళ్ళని కమురు వాసన అంటే ఏమిటో అడిగి చూడండి. ప్రతి ఒక్కరూ ముక్కు చిట్లించి చెప్తారు.

ఈ నాలుగు మాటలు వస్తే కారు పొగ గురించి సగం వచ్చినట్టే.

విండ్సర్ కార్ల ఊరు. ఫోర్డ్ కంపెనీ కెనడా శాఖ 1904లో మొదలైంది ఇక్కడే, అప్పట్లో వేరే ఊరుగా ఉన్న వాకర్‌విల్‌లో. క్రైస్లర్ వాళ్ళ అసెంబ్లీ ప్లాంట్ 1928 నుంచి ఉంది, 1983 నుంచి అందులో మినీవ్యాన్లు చేస్తున్నారు. నది అవతల డెట్రాయిట్. కెనడాలో అందరికీ అమెరికా దక్షిణాన ఉంటే మాకు మాత్రం ఉత్తరాన ఉంటుంది. ఇలాంటి ఊళ్ళో ఎవరైనా బానెట్ ఎత్తితే ఐదు నిమిషాల్లో నలుగురు చేరతారు, ఐదు అభిప్రాయాలు చెప్తారు. గుడి పార్కింగ్‌లో కూడా అంతే.

ఆ ఆదివారం అన్నదానం అయిపోయింది, గిన్నెలు కడిగి బయటికి వచ్చాను. మైనస్ పద్నాలుగు. ఒక అబ్బాయి కారు స్టార్ట్ చేసి పక్కన నిలబడి వెనక గొట్టం వైపే చూస్తున్నాడు. వరంగల్ వైపు అబ్బాయి, ఇక్కడ కాలేజీలో చదువుతున్నాడు, రాత్రిళ్ళు ఒక గోడౌన్‌లో పని. వాడు గుడిలో కుర్చీలు సర్దుతాడు, నేను వడ్డిస్తాను, అలా పరిచయం.

"ఏమైంది నాన్నా?" అన్నాను.

"పొగ మస్తు వస్తుంది ఆంటీ. షాపుల చూపిస్తే ఇంజినే పోయింది అన్నరు. హెడ్ గ్యాస్కెట్ అంట. నాలుగు వేలు అయితయట."

కారు కొన్నదే మూడు వేల ఐదు వందలకి. పన్నెండేళ్ళ పాత కారు, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. గోడౌన్‌కి రాత్రి బస్సు లేదు. కారు లేకపోతే పని లేదు, పని లేకపోతే అద్దె లేదు. ఇంటికి ఫోన్ చేద్దామా అని ఆలోచిస్తున్నాడు. నాన్న పత్తి వేస్తారట, ఈ అబ్బాయిని ఇక్కడికి పంపడానికే అప్పు చేశారట. "మల్ల అడగలేను ఆంటీ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

షాపులో ఏ పరీక్ష చేశారు అని అడిగాను. ఆయిల్ మూత తీసి చూపించారట. మూత కింద మీగడలాగా తెల్లటి ముద్ద ఉందట. పొగ చూస్తే తెల్లగా ఉంది. రెండూ కలిపి హెడ్ గ్యాస్కెట్ అనేశారు.

ఇక్కడ కొంచెం ఆగి ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే దీని మీదే అంతా ఆధారపడి ఉంది.

పెట్రోలు కాలితే నీళ్ళు పుడతాయి. వినడానికి వింతగా ఉంటుంది కానీ లెక్క చాలా సూటి: ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు ఒక లీటరు నీళ్ళు ఆవిరి రూపంలో బయటికి వస్తాయి. వేసవిలో అది కనబడదు. చలికాలంలో గొట్టంలోంచి బయటపడగానే చల్లబడి తెల్లటి మేఘం అవుతుంది. మైనస్ పద్నాలుగులో విండ్సర్‌లో ప్రతి కారూ తెల్లటి పొగ వదులుతుంది, నిన్న షోరూంలోంచి వచ్చిన కారు కూడా. అందుకే మొదటి పది నిమిషాల్లో కనిపించే తెలుపుకి విలువ లేదు.

కూలెంట్ కాలితే వచ్చే తెలుపు వేరు. అది చిక్కగా ఉంటుంది, ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా ఆగదు, గాలిలో వెంటనే కరిగిపోకుండా వెనకే వేలాడుతుంది. వాసన తియ్యగా ఉంటుంది, బెల్లం పాకం పట్టేటప్పటి వాసనకి కాస్త దగ్గరగా. ఆ తీపి గ్లైకాల్‌ది. (అది విషం. నేల మీద కారితే కుక్కలు తీపికి ఆశపడి నాకుతాయి, వెంటనే కడిగెయ్యండి.) దీనికి తోడు కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతూ ఉంటుంది. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ పై సగానికీ కింది సగానికీ మధ్య ఉండే పలచటి పొర. అది చిట్లితే కూలెంట్ సిలిండర్లోకి దారి చేసుకుంటుంది.

నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. వాసన మన కమురే. మన మెకానిక్కులు దీనికి చక్కటి మాట వాడతారు: ఇంజిన్ ఆయిల్ తాగుతోంది.

నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, ఇంజెక్టర్ కారుతూ ఉండొచ్చు, గాలిని కొలిచే సెన్సార్ తప్పుడు లెక్క చెప్తూ ఉండొచ్చు. గుడిలో మంచు తోసే మిషన్‌కి ఎవరో చోక్ వేసి తియ్యడం మర్చిపోతారు, అప్పుడు వచ్చేది ఇదే, మంచు మీద మసి చుక్కలు పడతాయి. నల్ల పొగ చూడటానికి అన్నిటికన్నా భయంగా ఉంటుంది, బాగుచెయ్యడం మాత్రం చాలాసార్లు అన్నిటికన్నా తేలిక. అలాగని నెలల తరబడి వదిలెయ్యకండి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ కాలుతుంది, దాన్ని పాడుచేస్తుంది, ఆ భాగం ఖరీదు ఎక్కువ.

నిప్పు లేనిదే పొగ రాదు అని సామెత ఉంది. ఇంజిన్‌లో నిప్పు ఎప్పుడూ ఉంటుంది. అక్కడ అడగాల్సింది నిప్పు గురించి కాదు, ఏం కాలుతోంది అని.

మళ్ళీ మన అబ్బాయి దగ్గరికి వద్దాం. నేను కారుకన్నా ముందు అతన్ని ప్రశ్నలు అడిగాను.

"ఆయిల్ పోస్తున్నావా?"

"పోస్తున్న. నెలకు రెండు లీటర్లు."

"కూలెంట్?"

"అది కొన్నప్పటి నుంచి పొయ్యనే లేదు. అట్లనే ఉంది."

ఈ రెండు జవాబులతోనే నాకు హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం మొదలైంది. అంటే, హెడ్ గ్యాస్కెట్ పోలేదేమో అన్న అనుమానం. అతను నెలకి నడిపేది 750 కిలోమీటర్లు. అంత తక్కువ దూరానికి రెండు లీటర్ల ఆయిల్ చాలా ఎక్కువ. ఆ ఆయిల్ నేల మీద కారడం లేదు, మంచు మీద చుక్క కూడా లేదు. మరి ఎక్కడికి వెళ్తోంది? కాలుతోంది. కాలితే నీలం కనబడాలి. తెల్లటి ఆవిరి వెనక అది దాక్కుంది.

కాబట్టి ఆవిరిని పంపించెయ్యాలి. కారు ఎక్కి ఈ.సీ. రో ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇరవై ఐదు నిమిషాలు తిప్పాం. గొట్టం అంతా వేడెక్కాక గుడికి తిరిగొచ్చి, వెనక గోడకి నల్లటి షీట్ ఒకటి కట్టి (హోమం రోజు కింద పరిచేది), దాని ముందు కారు పెట్టి చూశాం. తెల్లటి నేల మీద, తెల్లటి ఆకాశం ముందు నీలం కనబడదు, వెనక నలుపు ఉండాలి. ఇంజిన్ కొంచెం రైజ్ చేసి వదిలితే పలచగా, బూడిద కలిసిన నీలం. గాలి నా వైపు తిరిగింది. కమురు.

"ఇది నీలం" అన్నాను.

"నాకు కూడా కొడుతుంది ఆంటీ. మిర్చి బజ్జీల బండి దగ్గర వస్తది, ఆ వాసన" అన్నాడు. నా దీపం ఉపమానం కన్నా అదే బాగుంది.

మరి మూత కింద మీగడ? అది చలి ఊళ్ళ జబ్బు. కారు ఇంటి నుంచి కాలేజీకి ఐదు నిమిషాలు, పనికి పన్నెండు నిమిషాలు మాత్రమే నడిస్తే ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఎగిరిపోదు. అన్నిటికన్నా చల్లగా ఉండే మూత దగ్గర గడ్డకట్టి, ఆయిల్‌తో కలిసి మీగడ అవుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోయినా ఇలాంటి ముద్దే రావొచ్చు, అందుకే మూత ఒక్కటి చూసి తీర్పు చెప్పకూడదు. డిప్‌స్టిక్ తీసి చూడాలి. అతని కారు డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా, గోధుమరంగులో ఉంది. మీగడ మూత దగ్గరే.

అయినా నాలుగు వేల డాలర్ల మాట నోటితో కొట్టెయ్యడం నాకు ఇష్టం లేదు. ఇరవై ఆరేళ్ళు కొలతలతో బతికినదాన్ని. మరుసటి శనివారం రెండు పరీక్షలు చేశాం.

మొదటిది కూలెంట్ మీద. ఒక చిన్న గాజు గొట్టంలో నీలం రంగు ద్రవం ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మూత తీసి (వేడిగా ఉన్నప్పుడు ఆ మూత ముట్టుకోకండి, మరుగుతున్న నీళ్ళు మొహానికి కొడతాయి), స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి, కూలెంట్ పైన ఉన్న గాలిని ఆ ద్రవంలోంచి పీల్చాలి. సిలిండర్లోంచి కాలిన గాలి అక్కడికి చేరుతుంటే నీలం కాస్తా పసుపు అవుతుంది. మాకు నీలం నీలంగానే ఉంది. ఆ అబ్బాయి దాన్ని వెలుతురుకి పెట్టి మూడుసార్లు చూశాడు.

రెండోది కంప్రెషన్ పరీక్ష. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండర్‌కి మీటర్ పెట్టి ఇంజిన్ తిప్పి, ఎంత ఒత్తిడి వస్తుందో చూడటం. నాలుగు సిలిండర్లకి 172, 168, 170, 165 వచ్చాయి. దాదాపు సమానం. ఒకటి బాగా తక్కువ వచ్చి ఉంటే అందులో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూసేదాన్ని. ఆయిల్ పోశాక ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో తేడా ఉన్నట్టు. ఆ అవసరం రాలేదు. ఇంజిన్ "బోరుకొచ్చింది" అని మన ఊళ్ళో అంటారే, ఆ స్థితి కాదు.

గ్యాస్కెట్ కాదు, ఒత్తిడి బాగుంది. మరి ఆయిల్ ఏ దారిన లోపలికి పోతోంది?

ఇలాంటప్పుడు చవకైన దాంతో మొదలుపెట్టాలి. పీసీవీ వాల్వ్ అని ఒక చిన్న భాగం ఉంటుంది, బొటనవేలంత. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో గాలి కాలుష్యం తగ్గించడానికి కార్లకి పెట్టడం మొదలుపెట్టారు. పిస్టన్ పక్కల నుంచి కొంచెం కాలిన గాలి కిందికి జారుతుంది. అది ఆయిల్ తుంపరలతో కలిసి లోపల తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఊరి మీదకి వదలకుండా మళ్ళీ ఇంజిన్లోకే పంపి కాల్చేస్తారు. ఎంత పంపాలో ఈ వాల్వ్ చూసుకుంటుంది. అది తెరుచుకుని బిగుసుకుపోతే ఇంజిన్ గాలితోపాటు ఆయిల్ కూడా గటగటా లాగేస్తుంది. మూసుకుని బిగుసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళలోంచి ఆయిల్ బయటికి తోసుకొస్తుంది.

చాలా కార్లలో దీన్ని చేత్తో పీకొచ్చు. చెవి దగ్గర ఊపితే లోపల చిన్న ముక్క టకటకలాడాలి, గజ్జెలో గులకరాయిలాగా. ఇతని వాల్వ్ ఊపితే చప్పుడు లేదు. గొట్టం లోపల వేలు పెడితే అదే మీగడ, దాంతోపాటు బంక. కొత్త వాల్వ్, కొత్త గొట్టం కలిపి 31 డాలర్లు. నేను ఇస్తానంటే తీసుకోలేదు.

మార్చిన రోజు సాయంత్రం ఫోన్. "ఆంటీ, ఇంకా వస్తుంది." గొంతు పడిపోయింది. నాలుగు రోజులు ఆగు అన్నాను. గాలి లోపలికి వెళ్ళే దారి నిండా, సైలెన్సర్ నిండా పాత ఆయిల్ ఉంటుంది, అది కాలిపోవాలి. వాల్వ్ మార్చగానే పొగ మాయమైతే అది సినిమా.

వారం తర్వాత పొగ పోయింది. పూర్తిగా కాదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒక్క నీలం బుస్సు, తర్వాత శుభ్రం. అది వాల్వ్ స్టెమ్ సీళ్ళు, రబ్బరు టోపీల్లాంటివి. వయసుకి గట్టిపడతాయి. రాత్రంతా ఒక్కొక్క చుక్క కిందికి జారుతుంది, పొద్దున్నే అది కాలుతుంది. పిస్టన్ రింగులదైతే ఎక్కువగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తుంది. సీళ్ళదైతే రాత్రి నిలబెట్టాక, లేదా పొడవాటి దిగుడు దిగి మళ్ళీ తొక్కినప్పుడు వస్తుంది. విండ్సర్ బల్లపరుపుగా ఉంటుంది, ఇక్కడ దిగుడంటే ఫ్లైఓవరే.

సీళ్ళు మార్చడం వాల్వ్ మార్చినంత తేలిక కాదు, కూలి ఎక్కువ. ఈ కారుకి వద్దని చెప్పాను. నెలకి రెండు లీటర్లు తాగే కారు ఇప్పుడు రెండు నెలలకి ఒక లీటరు తాగుతోంది. డిక్కీలో ఒక సీసా పెట్టుకో, రెండు వారాలకోసారి డిప్‌స్టిక్ చూడు, అంతే. (కన్వర్టర్ కొంత పొగని మింగేస్తుంది కాబట్టి పొగ కనబడకుండానే ఆయిల్ తగ్గే కార్లు ఉన్నాయి. పొగ లేదని డిప్‌స్టిక్ మానెయ్యకండి.)

ఒక్క విషయంలో మాత్రం అతన్ని కోప్పడ్డాను. చలికి స్నేహితుడి గ్యారేజ్‌లో తలుపు సగం ఎత్తి, కారు పావుగంట వేడి చేస్తున్నారట. ఇంటి గోడకి ఆనుకున్న గ్యారేజ్, పైన ఇద్దరు పడుకుని ఉంటారు. తెలుపు, నీలం, నలుపు, ఇవి కనీసం కనబడతాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలుపు తెరిచినా ఇంట్లోకి పాకుతుంది. మంచులో కూరుకుపోయిన కారులో హీటర్ కోసం ఇంజిన్ నడిపితే, వెనక గొట్టం మంచుతో మూసుకుపోతే, ఇదే లోపలికి వస్తుంది. ముందు పార తీసుకుని గొట్టం చుట్టూ తవ్వాలి, తర్వాతే స్టార్ట్ చెయ్యాలి. అతను "సరే ఆంటీ" అన్నాడు. అది మామూలు సరే. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండే మిగతా ముగ్గురికి కూడా ఫోన్ చేసి చెప్పాను. గుడి వాట్సాప్ గ్రూపులో తెలుగులో నా మొదటి పెద్ద మెసేజ్ అదే, భోజనాల గురించి కాకుండా.

మే నెలలో అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. కారు అమ్మాలి. కొనేవాడు గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థి.

"ఆంటీ, పొద్దున నీలం పొగ సంగతి చెప్పాల్నా?"

ఒంటారియోలో ఒకప్పుడు డ్రైవ్ క్లీన్ అని పొగ పరీక్ష ఉండేది, 1999లో మొదలైంది, 2019లో మామూలు కార్లకి తీసేశారు. ఇప్పుడు అమ్మకానికి సేఫ్టీ సర్టిఫికెట్ ఉంటుంది. అందులో బ్రేకులు, స్టీరింగ్, లైట్లు లాంటివి చూస్తారు. ఇంజిన్ ఎంతకాలం వస్తుందని ఆ కాగితం హామీ ఇవ్వదు. అంటే కొనేవాడు మధ్యాహ్నం వచ్చి, వేడి ఇంజిన్ చూస్తే, ఏమీ కనబడదు.

"నువ్వు కొన్నప్పుడు నీకు ఎవరైనా చెప్పారా?" అన్నాను.

"లేదు."

అంతకుమించి నేనేమీ అనలేదు. అతనే గ్లవ్ బాక్స్‌లోంచి ఒక నోట్‌బుక్ తీశాడు. మార్చి నుంచి ఏ రోజు ఎంత ఆయిల్ పోశాడో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అన్నీ రాసుకున్నాడు. తెలుగులో! చేతిరాత తెలుగు నాకు ఇప్పటికీ కష్టం, అచ్చు అక్షరాల్లా నిలబడదు, పరిగెడుతుంది. అయినా కూడబలుక్కుని చదివాను. "పీసీవీ మార్చినం." "అర లీటరు." "పొగ లేదు." ఒక పేజీలో "పొగ లేదు" కింద రెండు గీతలు.

ఆ నోట్‌బుక్ కారుతోపాటే ఇచ్చాడు. గుంటూరు అబ్బాయి మూడు వందలు తగ్గించమన్నాడు, ఇతను రెండు వందలు తగ్గించాడు. పొద్దున్న ఏడింటికి రమ్మని చెప్పి, చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేసి చూపించాడు. నేను కూడా వెళ్ళాను, నల్ల షీట్ తీసుకుని.

"ఎంతసేపు వస్తుంది పొగ?" అని గుంటూరు అబ్బాయి అడిగాడు.

"లెక్కపెట్టు" అన్నాడు ఇతను. నాలుగు లెక్కపెట్టేసరికి ఆగిపోయింది.